రుమాలు తీయని డ్రమ్ము

పెళ్ళి మేళం విని వీధిలో జనం టోపీలు తీసి గుండెలకు ఆనించుకోవడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, ఆ మేళంలో పెద్ద డ్రమ్ము మోసినవాణ్ణి నేనే.

సెప్టెంబరు నెల. న్యూ ఆర్లియన్స్‌లో సెప్టెంబరు వస్తే ఎండాకాలం పోయిందని క్యాలెండరు చెబుతుంది, చొక్కా ఒప్పుకోదు. మా బ్యాండులో ఒంటికి చుట్టుకునే పెద్ద బాకా ఊదే ఫెర్డినాండ్, దాని నోట్లో కోడిగుడ్డు పెట్టుకుని బయల్దేరితే రెండు పాటలయ్యేసరికి ఉడికిపోయేది. నమ్మకపోతే మానేయండి. ఉప్పు పట్టుకెళ్ళింది నేనే.

పెళ్ళికూతురు చర్చి మెట్లు దిగింది. ఈకలు కుట్టిన తెల్లగొడుగు తెరిచింది. మా మేళం పెద్ద డెల్మార్ ట్రంపెట్ ఎత్తాడు. నేను పెద్ద డ్రమ్ము మీద రెండు దెబ్బలు వేశాను. దాని వెనకే మా తమ్ముడి సైడ్ డ్రమ్ము గలగలమంటూ అందుకోవాలి. ఆ గలగల వింటే మా ఊళ్ళో కుంటివాడి కాలు కూడా లయ వేస్తుంది. ఆ రోజు మాత్రం డబ్, డబ్, డబ్ అని మొద్దుగా, తలుపు చాటున ఎవరో తట్టినట్టు మోగింది.

ఆ చప్పుడు ఏమిటో మా వీధుల్లో ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసు. శవం వస్తోందన్నమాట. మంగలి షాపులోంచి మంగలి కత్తితోనే బయటికొచ్చి టోపీ తీశాడు. సగం గడ్డం గీయించుకున్న మనిషి కూడా బయటికొచ్చాడు గాని తీయడానికి టోపీ లేక నురగమీద చెయ్యి పెట్టుకున్నాడు. నత్తగుల్లలు తింటున్నవాడు లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకున్నాడు. చక్రాల కుర్చీలో కూర్చున్న పెళ్ళికూతురి నాయనమ్మ ఇటూ అటూ చూసి అడిగింది.

"ఎవరే పోయింది?"

"ఎవరూ పోలేదు నాయనమ్మా, మన పిల్ల పెళ్ళి!"

"నా దగ్గర దాస్తున్నారు. చెప్పండే, నేనేనా?"

జనం నవ్వలేక చచ్చారు. పెళ్ళికూతురి తల్లి మాత్రం నిజంగానే ఏడ్చింది. భోజనాల దగ్గర డెల్మార్ నన్ను పక్కకు లాగి, "ఆక్టేవ్ బాబాయ్, నీ తమ్ముడి డ్రమ్ములో ఆ రుమాలు ఇంకా ఎందుకుంది?" అన్నాడు.

"వాణ్ణే అడుగు."

"అడిగా. ఆమెని ఇంకా వదల్లేదుగా అంటాడు."

నిజమే. వదల్లేదు.

మా తమ్ముడు సిప్రియన్ భార్య లియోంటీన్ ఆగస్టు చివర పోయింది. మూత్రపిండాలు చెడి వేసవి అంతా మంచంలోనే ఉంది. అన్ని రోజులూ వాడు ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని మోకాళ్ళ మీద పుల్లలతో మెల్లగా దరువు వేస్తుండేవాడు. ఆమె కళ్ళు మూసుకునే, "ఇంత నీరసంగానా? నేను పోయినప్పుడైనా కాస్త గట్టిగా వాయించు" అని ఆటపట్టించేది.

సాగనంపే రోజున మొగుడే డ్రమ్ము భుజాన వేసుకున్నాడు. ఇంటివాళ్ళు మేళంలో నడవరు, అది మా పద్ధతి కాదు. వద్దన్నా వినలేదు. పద్ధతి ప్రకారం సైడ్ డ్రమ్ము అడుగున తోలుకూ, దాని మీద బిగించిన తీగెలకూ మధ్య రుమాలు దూర్చాడు. లియోంటీన్ రుమాలే, అంచున నీలిపూలు కుట్టినది. రుమాలు దూరిస్తే తీగెల నోరు మూతబడుతుంది. ఆ మొద్దు చప్పుడు మీద అడుగులో అడుగు వేసుకుంటూ, విషాదగీతాలు ఊదుతూ చర్చి నుంచి శ్మశానం గేటు దాకా వెళ్ళాం. అక్కడ పెట్టె లోపలికి వెళ్ళగానే మేళం మనిషిని 'వదలాలి'. డ్రమ్మరు రుమాలు లాగేస్తాడు. గలగలమని ఒక్క దరువు. బాకాలు ఆకాశంలోకి లేస్తాయి, గొడుగులు తెరుచుకుంటాయి, అందాకా ఏడ్చినవాళ్ళే మేళం వెనక చిందులేస్తూ ఇంటిముఖం పడతారు. నీకు ఇక్కడి బాకీ తీరింది, ఇక వెళ్ళు తల్లీ అని చెప్పడం అది.

సిప్రియన్ డ్రమ్ము తిరగేసి రుమాలు మీద చెయ్యి వేశాడు. అప్పుడే లియోంటీన్ అక్క యూలాలీ వచ్చి గేటుకి అడ్డంగా నిలబడింది. నల్ల గౌను, నల్ల చేతి తొడుగులు, చెమట చుక్క లేదు. ఆమెకు చెమట పట్టడం నేనెన్నడూ చూడలేదు. చెమట కూడా ఆమె అనుమతి అడుగుతుందనుకుంటాను.

"దాన్ని ఇంతదాకా తెచ్చారు, సంతోషం" అంది. "ఇక చాలు. మా చెల్లి శవం దగ్గర గొడుగులూపుకుంటూ గంతులేస్తే ఒప్పుకోను. ఇళ్ళకెళ్ళండి."

"వదినా..." అన్నాడు సిప్రియన్.

"వెళ్ళు మరిదీ."

వెళ్ళాం. వాద్యాలు వీపున వేసుకుని, నోరెత్తకుండా, విడివిడిగా. అన్ని వాద్యాలు మౌనంగా మోసుకుంటూ నడిస్తే రెండింతల బరువు. పెద్ద డ్రమ్ము పట్టీ నా భుజాన్ని కోసేసింది. ఆ గాటు మానేసరికి చలికాలం వచ్చింది.

రుమాలు అలాగే ఉండిపోయింది.

మా ఇల్లు ఒకే కప్పు కింద రెండు ఇళ్ళు. నడుమ ఒక్క చెక్కగోడ. గోడకు అవతల యూలాలీ. ఇల్లు ఆమెదే, వాళ్ళ నాన్న కట్టించినది. ఇవతల మేము. ముందు గదిలో సిప్రియన్, దాని వెనక నేనూ నా భార్య వెర్నా, దాని వెనక వంటిల్లు. వంటింటికి పోవాలంటే అందరి మంచాలనూ పలకరించుకుంటూ పోవాలి.

యూలాలీ వాళ్ళది కాగితం మేళం. వాళ్ళ నాన్న ఒపేరా హాలులో స్వరాలు చదివి క్లారినెట్ వాయించిన మనిషి. మాది చెవి మేళం. నదికి ఎగువన చెరకు తోటల్లో, ఒక్క గది బడిలో కూడికలు నేర్చుకుని తీసివేతలు రాకముందే పనిలోకి పోయినవాళ్ళం. "చెరకు పిప్పి" అని యూలాలీ మమ్మల్ని వెక్కిరించేది. "పిప్పేనమ్మా, రసం మీ చెల్లి తాగేసింది" అనేవాణ్ణి. లియోంటీన్ ఉన్నప్పుడు ఈ మాటలకు ఇటూ అటూ నవ్వులుండేవి. ఆమె పోయాక మాటలు మిగిలాయి గాని నవ్వులు మాత్రం గోడ దాటలేదు.

ఆదివారం సాయంత్రం మా గుమ్మంలో కూర్చుంటే ఊరంతా చెవిలోకొచ్చేది. మూల బారులో, కార్నివాల్‌కి ఈకల దుస్తులు కట్టే దండువాళ్ళు కంజీరలు కొడుతూ ఒకడు అడుగుతుంటే పదిమంది జవాబు పాడేవాళ్ళు. ఎదురుగా చిన్న చర్చిలో చప్పట్ల ప్రార్థన. మేడ మీద ఎవరిదో పియానో, ఎడం చేత్తో ఏడుస్తూ కుడిచేత్తో నవ్వుతూ. రేవు వైపు నుంచి హవానా నావికుల దరువు గాలిలో కొట్టుకొచ్చేది. పైఊరి వాళ్ళు ఇదంతా విని, దొరికిందల్లా వేసి కాచే మా పులుసు పేరు పెట్టి, గంబో అంటారు. గంబో వండినవాళ్ళెవరూ ఆ మాట అనరు. గంబోలో ఏదో ఒకటి ఎక్కువైతే పారబోయాలి. ఇక్కడ ఎక్కువైనదే పాటయ్యేది.

వీటన్నిటి కిందా ఆ శరత్కాలం అంతా, పొద్దు వాలేవేళ మా ముందు గదిలోంచి డబ్, డబ్, డబ్. సిప్రియన్ కిటికీ వైపు వీపు పెట్టుకుని సాధన చేసేవాడు. పూర్వం ఆ సమయానికి లియోంటీన్ చికోరీ కాఫీ తెచ్చేది. ఇప్పుడు వెర్నా తెచ్చి, చల్లారిపోతే తీసుకెళ్ళి తనే తాగేది.

అందరం అలసిపోయాం. ఏడ్చి అలసిపోవడం ఒకరకం, కళ్ళలో నిద్ర దిగుతుంది. ఏడ్వడం ముగించనివ్వకపోతే వచ్చే అలసట ఇంకోరకం. అది మోకాళ్ళలో కూర్చుంటుంది. బట్టల్లో, కాఫీలో కూడా దాని రుచి తగిలేది.

వెర్నా తన పద్ధతిలో ప్రయత్నించింది. "ఆ రుమాలు ఇటివ్వు మరిదీ, ఉతికి మళ్ళీ నీకే ఇస్తా. మడతల్లో చెమట వాసన వస్తోంది."

"ఉతకడానికి తీసినా తీసినట్టేగా వదినా?"

"తీస్తే ఏమవుతుంది?"

"వదిలినట్టవుతుంది. గేటు దగ్గర ఆగిపోయింది గదా అది. నేనొక్కణ్ణే ఇంట్లో కూచుని వదలమంటే ఎట్లా?"

అయిపోయింది. నా వంతు వచ్చింది. నేను అబద్ధం మీద బతికినవాణ్ణి, ఆ మాత్రం సాయం అబద్ధం నాకు చేయకపోతుందా అనుకున్నాను. పొద్దున్నే వాడి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "ఒరే, లియోంటీన్ కల్లోకి వచ్చింది. తెల్లగౌను. 'నా రుమాలు ఇక తీసెయ్యమనండి బావగారూ' అంది" అన్నాను.

సిప్రియన్ బూటు నాడా కట్టుకుంటూ తల ఎత్తలేదు. "ఏ భాషలో అంది?"

"ఏ భాషేంట్రా, ఇంగ్లీషులో."

"దానికి ఏదైనా నిజంగా కావాలంటే వాళ్ళ ఫ్రెంచిలో తిట్టేది అన్నా. నీ కల తప్పు దారిలో వచ్చినట్టుంది. వెనక్కి పంపెయ్."

గోడకు అవతల యూలాలీ దగ్గింది. దగ్గు అన్నాను గాని, ఎండాకాలం తర్వాత మొదటిసారి ఆమె నవ్విందేమోనని నా అనుమానం.

సోమవారాలు మా ఇంట్లో ఎర్ర చిక్కుడు గింజలు పొద్దుటి నుంచి ఉడుకుతాయి. వెర్నా ఒక గిన్నె కంచె మీదుగా యూలాలీకి అందించేది. ఒక సోమవారం నేనే పట్టుకెళ్ళాను.

"బావగారూ" అంది గిన్నె మూత ఎత్తి చూస్తూ. "మీ తమ్ముడికి చెప్పండి, ఇంకో గదిలో కూచుని వాయించమని."

"ఉన్నవి మూడు గదులు. వంటింట్లో వాయిస్తే గింజలు భయపడి ఉడకవు."

"వేళాకోళం కాదు." మూత పెట్టేసింది. "ఆ చప్పుడు... పెట్టెలోంచి ఎవరో మూత తడుతున్నట్టుంది. పొద్దు వాలితే చాలు. నేను ఎటు తిరిగినా వినిపిస్తుంది."

"అయితే తీసెయ్యమని మీరు ఒక్క మాట అనండి."

ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా ఇంటి గిన్నె, మూతతో సహా. మళ్ళీ తిరిగి రావడానికి వారం పట్టింది.

అక్టోబరులో డెల్మార్ వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. అలా నిలబడితే మా వైపు మంచి వార్త కాదు.

"క్లబ్బు పెద్దలు కబురు పంపారు" అన్నాడు. మా వీధి క్లబ్బుకు ఏటా నవంబరులో ఒక ఆదివారం వార్షిక ఊరేగింపు. కొత్త సూట్లు, ఈకల విసనకర్రలు, గుర్రాల మీద మనుషులు. మా మేళానికి ఆ ఊరేగింపే ప్రాణం. మేళం పుట్టిన నాటి నుంచీ దానికి దరువు మాదే. "సిప్రియన్ బాబాయ్, వాళ్ళు ఖచ్చితంగా చెప్పారు. పండగనాడు ఆ చావు చప్పుడు వినం అంటున్నారు. రుమాలు తీస్తే నువ్వు. తీయకపోతే వేరేవాణ్ణి తెస్తాం. ఆ తర్వాత కార్నివాల్‌కి కూడా వాడే ఉంటాడు. నాకిష్టమై అనడం లేదు."

"తెలుసురా" అన్నాడు సిప్రియన్. "వేరేవాడి చెయ్యి ఎట్లాంటిది?"

"మంచిదే."

"మలుపుల దగ్గర తొందరపడతాడా?"

డెల్మార్ నా వైపు చూశాడు. నా చూపు వీధి అవతలికి పోయింది. మేళం నుంచి తీసేస్తున్న మనిషి తన చోట నిలబడబోయేవాడి చెయ్యి గురించి వాకబు చేస్తున్నాడు. ఆ డ్రమ్ము పోతే మా తమ్ముడికి ఇంకేం మిగలదని మా ముగ్గురికీ తెలుసు. గోడ అవతలి మనిషికి కూడా తెలుసు. ఆ రోజు గోడ దగ్గలేదు.

నవంబరు ఒకటిన సకల పునీతుల పండగ. ఊరంతా సున్నం బక్కెట్లు, చామంతులు పట్టుకుని శ్మశానాలకు వెళ్ళే రోజు. మా నేలలో పాతిపెడితే మనుషులు ఆగరు. మా మామ ఒకాయన పాతిపెట్టిన ఏడాదే వరదకు తేలి, చెరకు మిల్లు దాకా కొట్టుకుపోతే, మేస్త్రీ ఆయన పనిలోకొచ్చాడనుకుని హాజరు వేశాడని ఎగువన చెప్పుకుంటారు. అందుకే ఊళ్ళో అందరినీ ఇటుక గదుల్లో పెట్టి, ఏటా ఆ ఇటుకలకు సున్నం వేస్తాం.

యూలాలీ, సిప్రియన్, నేను కలిసే వెళ్ళాం. కలిసి వెళ్ళడమంటే ఒకే దారిలో నడిచామని. లియోంటీన్‌ని పెట్టిన వాళ్ళింటి పాత సమాధి వెనక వైపుకు పోయి సిప్రియన్ బ్రష్షుతో గోడ రుద్దడం మొదలుపెట్టాడు. యూలాలీ ముందువైపు మోకరిల్లి పేర్లు చెక్కిన పలకలోని నాచు తీస్తోంది. తొడుగులు విప్పేసింది. ఆమె చేతులు ముసలివైపోయాయని ఆ రోజే గమనించాను.

పక్క సమాధుల దగ్గర పిల్లలు ప్రాలిన్ మిఠాయిలు నములుతున్నారు, పెద్దవాళ్ళు పోయినవాళ్ళ మీద చాడీలు చెప్పుకుంటున్నారు. మా దగ్గర బ్రష్షు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"దానికి ఆరేళ్ళు" అంది యూలాలీ ఉన్నట్టుండి. నాతో అన్నదో పలకతో అన్నదో తెలియలేదు. "అమ్మ పోయాక నేనే పెంచాను గదా. ఆదివారం. పొయ్యి మీద పాలు పెట్టి అటు తిరిగాను. వీధిలో మేళం పోతోంది. ఇటు తిరిగేసరికి పిల్ల లేదు."

నేను చామంతులు కింద పెట్టాను.

"ఊరంతా తిరిగాను. బావులు, కాలవలు అన్నీ చూశాను. అందరికీ మతిపోయింది. పొద్దు గూకే వేళకి కాలవ అవతల దొరికింది. ఎవడో బాకావాడి భుజం మీద నిద్రపోతోంది. చెప్పుల్లేవు."

"కొట్టారా?"

"కొట్టకుండా? బాగా కొట్టాను. కొడితే ఏమందో తెలుసా? 'అక్కా, వాళ్ళు ఆగలేదు, అందుకే నేనూ ఆగలేదు' అంది." పలక మీద వేలు పెట్టి, కొత్తగా చెక్కిన లియోంటీన్ పేరులో రాతిపొడి గీరింది. "ఆ తర్వాత పెద్దదయింది. మళ్ళీ ఒక మేళం వచ్చింది. అందులో మీ తమ్ముడున్నాడు. పోయింది. మూడోసారి కూడా మేళం వెంట పంపమంటే ఎట్లా బావగారూ? ఈసారి పొద్దు గూకినా దొరకదు గదా."

నా నోటికి ఒక్క అబద్ధం రాలేదు. డెబ్భై ఏళ్ళు పైబడ్డ నోరు ఇది, ఇప్పటికీ చెప్పగలను, ఆ ఒక్కసారే ఖాళీగా ఉండిపోయింది. సమాధి వెనక బ్రష్షు ఆగి చాలాసేపయిందని అప్పుడు గమనించాను.

సిప్రియన్ ఇవతలికొచ్చాడు. గడ్డమంతా సున్నం. "వదినా" అన్నాడు, "వెనక గోడకి చాల్లేదు. ఇంకో బక్కెట్టు కలపాలి."

"నీళ్ళు ఎక్కువ పోయకు" అంది యూలాలీ. "నిరుడు పలచనైపోయింది."

ఇద్దరూ కలిసి కలిపారు.

ఊరేగింపు ఆదివారం వచ్చింది. సిప్రియన్ టోపీ బ్రష్షు చేసుకుని, బ్యాండు కోటు తొడుక్కుని, డ్రమ్ము తగిలించుకున్నాడు. నేను వంగి డ్రమ్ము కిందికి చూశాను. రుమాలు ఉంది. వెర్నా ఇద్దరికీ జేబుల్లో బిస్కట్లు పెట్టింది, స్కూలుకు పోయే పిల్లల్లాగా.

క్లబ్బు గుమ్మం దగ్గర కొత్త డ్రమ్మరు సిద్ధంగా ఉన్నాడు. పేరు వెండెల్, భుజాలు మీసాలు బాగున్న మనిషి. సిప్రియన్‌ను చూసి పక్కకు జరగబోయాడు. డెల్మార్ ఒకసారి ఆకాశం వైపు చూసి, "మీ వీధి దాకా ఇద్దరూ వాయించండి" అన్నాడు. "మీ ఇంటి దగ్గర నువ్వు ఆగిపో బాబాయ్. అక్కణ్ణుంచి ఇతను. నేను చేయగలిగింది అంతే."

"అది చాలు" అన్నాడు సిప్రియన్.

బయల్దేరాం. ఒక డ్రమ్ము గలగల, ఒక డ్రమ్ము డబ్ డబ్. ఒక కాలికి బూటు తొడిగి ఒక కాలితో ఉత్తగా నడుస్తున్నట్టు ఉంది మేళం. వెనక ఆడేవాళ్ళు తడబడ్డారు. కొందరు టోపీ తీయాలో గంతు వేయాలో తెలియక రెండూ చేశారు. సిప్రియన్ మాత్రం ఒక్క దెబ్బ తప్పలేదు. నా మోకాళ్ళు మొదటి మలుపుకే మొరపెట్టుకున్నాయి. మా వీధి అంత త్వరగా వచ్చేయడం నాకు ఎప్పుడూ ఇష్టం ఉండేది కాదు, ఆ రోజు మరీనూ.

మేళం పోతుంటే యూలాలీ కిటికీ తలుపులు మూసుకునేది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ రోజు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది. నల్ల గౌనే. తొడుగులు లేవు.

సిప్రియన్ ఇంటి ముందు ఆగాడు. డ్రమ్ము పట్టీ మీద చెయ్యి వేశాడు, విప్పడానికి. యూలాలీ లేచి మెట్లు దిగింది. జనం దారి ఇచ్చారు. డెల్మార్ ట్రంపెట్ దించాడు. ఒక్కొక్క వాద్యమే మూగబోయింది. గొడవ చూడ్డానికి వెనక వరస ముందుకొచ్చింది.

"ఆ రుమాలు ఇట్లా ఇవ్వు మరిదీ" అంది.

వాడి చెయ్యి పట్టీ మీంచి రుమాలు మీదికి పోయింది.

"దాని అంచు కుట్టింది నేను. ఆగస్టు నించి చెమటలో నానుతోంది. ఎట్లా అయిపోయుంటుందో. ఉతకాలి."

"ఇవ్వమంటావా వదినా?"

"అనకపోతే చెయ్యెందుకు చాపాను?"

సిప్రియన్ డ్రమ్ము తిరగేశాడు. మరను వదులు చేశాడు. రుమాలు అంత తేలిగ్గా రాలేదు. తీగెలకు అంటుకుపోయింది. అంగుళం అంగుళం లాగాడు. దాని మీద తీగెల గీతలు తుప్పు రంగులో పడ్డాయి, పొలంలో చాళ్ళలాగా. నీలిపూలు ఇంకా ఉన్నాయి. యూలాలీ దాన్ని అందుకుని, మడత పెట్టబోయి, పెట్టలేదు.

"ఊఁ, నిలబడ్డారేం?" అంది మా అందరి వైపూ తిరిగి. "దానికి ఆగడం చేతకాదు."

డెల్మార్ నా వైపు తల ఊపాడు. నా చేతులు అలిసిపోయి ఉన్నాయి. ఆ రెండు దెబ్బలు ఎలా వేశానో నాకు తెలియదు. వాటి వెనకే సిప్రియన్ పుల్లలు దిగాయి. ఆ వేసవి, ఆ శరత్తు, మూసిపెట్టిన గలగలంతా ఒక్కసారి వీధిలో పోసినట్టయింది. వెండెల్ తన పుల్లలు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. ఆ మనిషి మీద నాకు అప్పటి నుంచి గౌరవం.

మేళం కదిలింది. ఫెర్డినాండ్ బాకా లేచింది, గొడుగులు లేచాయి. హైవే వంతెన కిందకు వెళ్ళేసరికి ఆ దరువు కాంక్రీటుకు తగిలి పది డ్రమ్ములై తిరిగొచ్చింది. పైన కార్లు కూడా లయ తప్పకుండా పోయాయంటే మీరు నమ్మరు, కనుక చెప్పను. నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. వీధి మలుపులో, జనం చివర, యూలాలీ నడుస్తోంది. చెయ్యి పైకెత్తి ఉంది. చేతిలో రుమాలు ఇటూ అటూ కదులుతోంది.

ఊపిందని నేనంటాను. ఈగలు తోలానని ఆమె అంటుంది.

"నవంబరులో ఈగలెక్కడివి?" అని ఆ సాయంత్రమే కంచె దగ్గర అడిగాను.

"చెరకు తోటల వాళ్ళ వెంట వస్తాయి" అంది. ఆమె వెనక తీగ మీద రుమాలు ఆరుతోంది. గీతలు పోలేదు.

ఇంట్లోకి వచ్చి బూట్లు విప్పాను. పాదాలు బూట్లలోనే ఉండిపోతాయేమో అనిపించింది. సిప్రియన్ ముందు గదిలో కుర్చీలోనే, టోపీతోనే, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. డ్రమ్ము మూల నిలబడి ఉంది. పొద్దు వాలింది. ఎక్కడో కంజీరలు మొదలయ్యాయి.

అవతలి నుంచి గోడ మీద ఎవరో మెల్లగా తట్టారు.

"బావగారూ, చప్పుడు లేదేం? అతనికి ఒంట్లో బాగుందా?"

"బాగుంది. నిద్రపోతున్నాడు."



"సరే. లేపకండి."